పీలికల యంత్రము, మెంతుల గుజ్జు



రెండు నెలలుగా ఈ పుటలో ఏమీ వ్రాయలేదు. ఆరోగ్యమెట్లున్నదని కొందరు మిత్రులు అడిగారు. ఆరోగ్యానికి లోపమేమీ లేదు. కోపమే కొంచెము ఎక్కువైనది. కోపములో కలము పట్టరాదని ముప్పది ఏండ్లు పిల్లలకు చెప్పినవాణ్ణి గనుక అది చల్లారేదాకా ఆగుదామనుకున్నాను. చల్లారలేదు. అందువలన వ్రాస్తున్నాను.

విషయము కాగితపు పీలికలు. పదవీవిరమణ తరువాత నేను భాగ్యనగరంలో మా అబ్బాయి ఇంట ఉంటున్న సంగతి మీకు తెలిసినదే. అబ్బాయి ఈ వేసవిలో ఒక యంత్రము కొని తెచ్చాడు. పై నుండి కాగితము పెడితే క్రింద ముక్కలు రాలుతవి. ష్రెడ్డర్ అంటారట. "దీన్ని తెలుగులో ఏమనాలి మామయ్యగారూ?" అని కోడలు అడిగినది. పీలికల యంత్రమనమ్మా అన్నాను. పీలిక మనకున్న మాటే. చీర చినిగి పీలికలైనదంటాము. అయితే ఆ పీలికను కూడ మా అమ్మ పారవేసి ఎరుగదు. దీపానికి వత్తి అయ్యేది, పొయ్యి దగ్గర మసిగుడ్డ అయ్యేది, నా వేలు తెగితే కట్టు అయ్యేది. యంత్రము చేసిన పీలికకు ఆ భాగ్యము లేదు. అది ప్లాస్టిక్ సంచీలోకి, ఆ సంచీ చెత్తబండిలోకి పోవడమే దాని గతి.

నేను ఒక పెండ్లికి తణుకు వైపు వెళ్ళి నాలుగు రోజులున్నాను. తిరిగి వచ్చేసరికి నా బీరువా ఖాళీ. "పాత బ్యాంకు కాగితాలు, భవిష్యనిధి కాగితాలు అన్నీ అట్లా వదిలేస్తే ప్రమాదం నాన్నగారూ, అన్నీ ష్రెడ్ చేశాను" అన్నాడు అబ్బాయి, నాకు మేలు చేసినవాని సంతోషంతో. మూడు సంచులున్నవి. బ్యాంకు కాగితాలతో పాటు నా పాఠ్యప్రణాళికల పుస్తకాలు పోయినవి. అవి పోయినా నాకంత చింత లేదు. కాని వాటి మధ్య ఒక రబ్బరు పట్టీ వేసిన కట్ట ఉండేది. పండిత శిక్షణలో మాకు ఛందస్సు చెప్పిన గురువుగారు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పంపిన పద్యాలలో యతిభంగాలు దిద్ది, ఎందుకు దిద్దినారో వివరించి వ్రాసిన పదకొండు పోస్టుకార్డులు. గురువుగారు లేరు. ఆ వివరణ ఏ పుస్తకంలోనూ లేదు.

అబ్బాయిని నేనేమీ అనలేదు. వాడు కట్ట విప్పి చూడలేదు, అంతే. ఆ యంత్రము ముందు కూర్చున్నవారెవరూ చూడరు. మంచి యంత్రానికి గొప్ప ఏమనగా, అది ఒక్కసారికి పది కాగితాలు మింగుతుంది. పది కాగితాలు ఒక్కసారి పెట్టేవాడు ఒక్కటి చదువుతాడా?

మూడు సంచులను చెత్తబండికి ఇయ్యనీయలేదు. ఆదివారం వచ్చే పాత కాగితాల అతనిని పిలిచాను. ఈ పేటలో ఏండ్ల తరబడి తిరిగే మనిషి. సంచీ మూతి విప్పి, చేయి పెట్టి, మళ్ళీ ముడి వేశాడు. "సారూ, గిది నాకొద్దు. మూట గట్టినా నిలువది, బండి మీద గాలికి లేస్తది. నిండు కాయితమైతే ఎంతైనా తీస్కుంట." పెద్ద కార్యాలయాలవారు పీలికలను యంత్రాలతో అదిమి కట్టలు కట్టించి మిల్లులకు పంపుతారు, అది వేరు. ఇంటి గుమ్మము ముందు త్రాసు పట్టిన మనిషికి పీలిక తూకానికి రాని వస్తువు. అంటే మా ఇంట మూడు సంచుల సరుకు, ఒక్క మధ్యాహ్నములో, కొనేవాడున్న వస్తువు నుండి చెత్తగా మారినది. విద్యుత్తు ఖర్చు అదనము.

నా వాదము ఇక్కడనే మొదలవుతున్నది. మన ఇండ్లలో ఈ యంత్రము రహస్యాన్ని సరిగా కాపాడదు. కాగితాన్ని మాత్రము సరిగా చంపుతుంది.

ముందు రెండవదే చెప్పుతాను, అది తేలిక గనుక. కాగితమనగా నార. సుబాబుల్, సరుగుడు, జామాయిల్ మన రైతులు పండించి మిల్లులకు తోలితే, ఆ కట్టెలోని పోగులు విడదీసి, నీటిలో తేల్చి, పలుచగా పరచి ఆరబెట్టినదే మనము వ్రాసే కాగితము. రాజమహేంద్రవరపు మిల్లు గోదావరి వాళ్ళకు తెలియనిది కాదు. ఇక సిర్పూరు మిల్లు ఉన్న ఊరికి పేరే కాగజ్‌నగర్. 2014లో ఆ మిల్లు మూతపడితే ఊరికి ఊరే దిగాలుపడినది, 2018లో మళ్ళీ తెరిచారు. ఒక కాగితము మరల కాగితము కావాలంటే దానిలోని పోగు పొడుగు నిలిచి ఉండవలె. మిల్లులో నీటిలో నానవేసి చిలికిన ప్రతిసారీ పోగు కొంత పొట్టిదవుతుంది. సుమారు అయిదు నుండి ఏడు మార్లు అట్లా పునర్జన్మ ఎత్తగలదని అంటారు. మన యంత్రము చేసేది ఆ పోగులను మొదటనే అడ్డంగా నరకడం. మరీ పొట్టి పోగు జల్లెడ నుండి నీళ్ళతో పాటు జారి బురదలో కలుస్తుంది. అమెరికాలో ఉన్న నా శిష్యుడొకడు చెప్పాడు, వాళ్ళ ఊరి పురపాలకులు విడి పీలికలను పునర్వినియోగపు డబ్బాలో వేయవద్దంటారట. వేరుచేసే యంత్రాల సందులలో నుండి రాలి గాజుపెంకులలో కలిసిపోతవట. యంత్రము పుట్టిన దేశమే దాని బిడ్డను వద్దంటున్నది.

దాని పుట్టుక కూడ చెప్పవలె. అమెరికాలో 1909లోనే దీనికి పేటెంటు తీసుకున్నారు. ఇంటింటికీ ప్రాకినది మాత్రము చాలా తరువాత. 1988లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది: వీధిలో పెట్టిన చెత్తసంచీని పోలీసులు వారంటు లేకుండా వెదకవచ్చునని. ఇక సామాన్యునికి తన చెత్త మీద అనుమానము రాదా? అది వారి చెత్త, వారి చట్టము, వారి భయము. మనము భయాన్ని యంత్రముతో సహా దిగుమతి చేసుకున్నాము.

"భద్రత మాస్టారూ, భద్రత" అంటారు మిత్రులు. భద్రత సంగతే చూతము. ఇదే పేటలో ఇదే అబ్బాయి, లాడ్జీలో గది తీసుకున్నపుడు ఆధార్ నకలు ఇచ్చాడు. సిమ్ము కొన్నపుడు ఇచ్చాడు. గ్యాసు వాళ్ళకు, బడిలో చేర్చినపుడు, అద్దె ఒప్పందానికి, జిరాక్సు కొట్టు బల్ల మీద చెడిపోయిన ప్రతిని వదిలి మంచి ప్రతిని తీసుకొని మరీ ఇచ్చాడు. చివరి నాలుగంకెలు మాత్రమే కనపడే ఆధార్ ప్రతిని తీసుకొనే సౌకర్యమున్నదని నేను చెప్పితే, అదంతా ఎవరు చూస్తారు నాన్నగారూ అన్నాడు. అసలు తాళపుచెవి ఊరంతా పంచి, పాత తాళపుకప్పను సమ్మెటతో కొట్టుకుంటూ కూర్చున్నట్లున్నది ఈ వ్యవహారము.

పోనీ యంత్రము నిజంగా రహస్యాన్ని చంపుతుందా? 1979లో టెహరానులోని అమెరికా రాయబార కార్యాలయాన్ని ఇరాను విద్యార్థులు ఆక్రమించినపుడు, లోపలివారు రహస్య పత్రాలను పీలికలు చేసి ఉంచారు. వాటిని ఓపికతో కూర్చి, అతికి, సంపుటాలుగా అచ్చు వేశారు. తివాచీలు నేసేవారిని ఆ పనిలో పెట్టారని చెప్పుతారు. పోగు పక్కన పోగు పేర్చడము వారికి కొత్త కాదు గదా. అవి పొడుగు పీలికలు, ఇప్పటివి చిన్న ముక్కలు అంటారా? 2011లో అమెరికా రక్షణశాఖకు చెందిన డార్పా సంస్థ అయిదు పత్రాలను ముక్కలు చేసి, కూర్చినవారికి 50 వేల డాలర్లని పోటీ పెట్టినది. సాన్‌ఫ్రాన్సిస్కోవారొక చిన్న జట్టు 33 రోజులలో కూర్చివేసింది.

మా అబ్బాయి బ్యాంకు ఖాతా కోసము ఎవరూ 33 రోజులు కూర్చోరని నాకూ తెలుసు. నేను చెప్పేది అది కాదు. రహస్యమున్నది కాగితములో కాదు, కాగితము మీది రెండు అంగుళాలలో. ఖాతా సంఖ్య, సంతకము, ఆధార్ సంఖ్య, చరవాణి సంఖ్య. ఆ రెండంగుళాలను చేత్తో చింపి తీసి, మిగిలిన నిండు కాగితాన్ని త్రాసు మనిషికి ఇయ్యండి. ఆ చింపిన ముక్కను నీళ్ళలో వేయండి. రెండు రోజులు నానిన కాగితాన్ని రుబ్బితే, దానిని కూర్చగల తివాచీ నేతగాడు ఇరానులోనూ లేడు, ఇంకెక్కడా లేడు. నీటిని మించిన పీలికల యంత్రము లేదు. అది మన పెరట్లో పూర్వము నుండీ ఉన్నది.

ఇక్కడ మా అమ్మమ్మ చేట సంగతి చెప్పాలి.

కొత్తగా వెదురు చేట కొన్నపుడు దాని అల్లిక సందులలో నుండి నూక జారుతుంది. అందుకని మా ఇండ్లలో దానికి కాగితము మెత్తేవారు. మా పాత నోటుపుస్తకాలు, పత్రికలు, పెండ్లి శుభలేఖలు చింపి కుండలో నానవేసేది అమ్మమ్మ. మూడవనాటికి మెత్తబడేవి. నీళ్ళు పిండి, రోటిలో వేసి రుబ్బి, రాత్రి నానబోసిన మెంతులు కలిపి మళ్ళీ రుబ్బేది. మెంతి గింజ నానితే ఎంత జిగురు వస్తుందో దోసెలు పోసేవారికి తెలుసు. ఆ ముద్దను చేటకు లోపలా వెలుపలా మెత్తి, అరచేయి తడి చేసుకొని నునుపు చేసి, నీడలో ఒక రోజు, ఎండలో రెండు రోజులు ఉంచితే అట్టవలె బిగిసేది. మెంతి చేదుకు పురుగు రాదని ఆవిడ మాట. చేటకు మెత్తగా మిగిలిన గుజ్జును ఇత్తడి గిన్నెను బోర్లించి, దాని మీద తడిగుడ్డ పరచి పట్టించేది. ఆరిన తరువాత ఊడదీస్తే తట్ట. పసుపు కలిపితే పచ్చతట్ట. నేను పదవ తరగతి పరీక్షకు చదివిన నోటుపుస్తకాలు అట్లా తట్ట అయినవి. అందులో ఉల్లిపాయలుండేవి.

కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కొయ్యముక్కలను అతకడానికి చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపి వాడేది ఈ బుద్ధితోనే. తెగిన దానిని పొడి అనుకోలేదు వారు. జిగురు దొరికితే అది మళ్ళీ వస్తువే.

మూడు సంచుల పీలికలను ఈ రెండు నెలలుగా నేను చేస్తున్నది ఇదే. అనుభవము చెప్పుతాను, పనికివస్తుంది. యంత్రపు పీలికలు చిన్నవి గనుక ఒక్కరోజులోనే నానుతవి; అది లాభము. పోగు పొట్టిది గనుక ఉత్త పీలికల గుజ్జుతో చేసిన నా మొదటి తట్ట ఆరగానే అంచున పగిలినది, అది నష్టము. రెండవసారి మూడు వంతుల పీలికలకు ఒక వంతు చేత్తో చింపిన వార్తాపత్రిక కలిపాను. చేత్తో చింపిన కాగితపు అంచున నూగు చూడండి, అదే పొడుగు పోగు. ఈసారి నిలిచినది. మానెడు గుజ్జుకు గిద్దెడు మెంతులు సరిపోయినవి. రుబ్బడానికి ఇడ్లీపిండి గ్రైండరు అడిగితే కోడలు ససేమిరా అన్నది, ఆమెదే న్యాయము. అచ్చుసిరా ఆహారముతో కలవరాదు. వార్తాపత్రికలో తినుబండారాలు పొట్లము కట్టరాదని ఆహారభద్రతా సంస్థవారు 2018 నాటి నిబంధనలలోనే చెప్పారు. (ఆ పొట్లము కాగితాలలోనే నేను సగము కథాసాహిత్యము చదివినాను, ముగింపులు తెలియకుండా. అయినా నిబంధన సరియైనదే.) కనుక ఒక పాత రోకలి తెచ్చుకున్నాను. ఈ తట్టలలో తాళపుచెవులు, దారపు ఉండలు, మాత్రల చీటీలు పెట్టుకోండి. అమ్మమ్మవలె తినే వస్తువులు మాత్రము వద్దు.

తట్టలు ఎన్నని చేస్తారు మాస్టారూ అని అడుగుతారు. నిజమే, ఏడు చేశాను, ఇక ఇంట్లో చోటు లేదు. అసలు పెద్ద వినియోగము వేరొకటి ఉన్నది; దానిని తలుచుకుంటే నాకు నవ్వూ కోపమూ కలిసి వస్తవి.

మా అపార్టుమెంటులో అయిదారు ఇండ్లవారు మట్టికుండలలో వంటింటి తడిచెత్తను ఎరువు చేస్తున్నారు. మంచి పని. తడి, పొడి వేరుచేయమని 2016 నాటి నియమాలు వచ్చిన తరువాత మొదలుపెట్టారు. కూరగాయల తొక్కులూ అన్నమూ మాత్రమే వేస్తే కుండలో నీరు ఊరి కంపు కొడుతుంది. తడిని పీల్చి, లోపలికి గాలి ఆడనిచ్చే పొడి పదార్థము పొర పొరకూ వేయవలె. కూరగాయల తొక్కులలో నత్రజని ఎక్కువ, కాగితములో కర్బనము ఎక్కువ. సూక్ష్మజీవులకు కర్బనము సుమారు ఇరువది అయిదు, ముప్పది పాళ్ళకు నత్రజని ఒక పాలు ఉంటే పని చురుకుగా సాగుతుంది. ఆ పొడి పదార్థానికి మావాళ్ళు ఏమి చేస్తారనుకున్నారు? కొబ్బరిపొట్టు ఇటుకలు కొంటారు. ప్లాస్టిక్ పొరలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పొరుగు రాష్ట్రాల నుండి వస్తుంది. అదే ఇంట, అదే వారము, పీలికల యంత్రము కడుపునిండా ఉన్న పొడి కర్బనాన్ని చెత్తబండికి అప్పగిస్తారు! డబ్బిచ్చి పొట్టు తెచ్చుకుంటారు, ఊరికే పీలికలు పారవేస్తారు. దీనికి విద్యాధికులని పేరు.

మా కుండలో ఇప్పుడు పొట్టు లేదు. రెండు దోసిళ్ళ తడిచెత్తకు రెండు దోసిళ్ళ పీలికలు, పైన కొంచెము పాత ఎరువు. పీలికలను ఒక్కచోట కుమ్మరిస్తే తడిసి ముద్దకట్టి గాలి ఆడదు. విడదీసి, ఎండుటాకులు కలిపి వేయవలె. కొట్లలో ఇచ్చే నున్నని రసీదులు వేయవద్దు. వేడికి అక్షరాలు తేలే ఆ కాగితానికి రసాయనపు పూత ఉంటుంది. ఎరువుకూ గుజ్జుకూ రెండింటికీ పనికిరాదు. కిటికీ కవర్ల ప్లాస్టిక్ పొర, మెరుపు కాగితాల ప్రకటనలు కూడ వద్దు. ఇంకొక మాట: ఆవకాయ జాడీలు అమెరికా పంపేవారు థర్మోకోలు ముక్కలు కొనుక్కోవద్దు. జాడీ చుట్టూ ఒత్తుగా పీలికలు కూరితే చాలు. మొన్న మా మేనకోడలికి అట్లాగే పంపాను, చెక్కు చెదరలేదు.

న్యాయము చెప్పవలసి వస్తే, ఈ యంత్రము ఎవరికీ వద్దని నేననను. ఆసుపత్రివారికి, బ్యాంకువారికి, న్యాయవాదులకు ఇతరుల రహస్యాలు అప్పగించబడి ఉంటవి. వారికి కూర్చొని రెండంగుళాలు చింపే తీరిక లేదు. కుటుంబానికి తీరిక లేదంటే నేను నమ్మను. నెలకు ఇంటికి వచ్చే కాగితములెన్ని? పది. చదువుతూ చింపితే పావుగంట. నేను అడుగుతున్నది ఆ 'చదువుతూ' అన్న మాటనే.

ఇంకొకటి. బడిలో మేము 'చిత్తు' అనేవాళ్ళము. చిత్తుగా వ్రాసి, తరువాత సాపుగా వ్రాయమని పిల్లలకు చెప్పేవాళ్ళము. చిత్తు కాగితమనగా పనికిరానిదని కాదు, ఇంకా సాపు కానిది అని. గాంధీగారు వచ్చిన ఉత్తరాల కవర్లు విప్పి లోపలి వైపు వ్రాసుకొనేవారు. ఒక వైపు అచ్చయిన నిండు కాగితాలను కుట్టి నా మనుమరాలికి లెక్కల పుస్తకము చేసి ఇచ్చాను. అది అందులో ఏనుగులు వేస్తున్నది. యంత్రములో పెట్టి ఉంటే ఆ ఏనుగులెక్కడివి?

కాగితము కాలికి తగిలితే కళ్ళకద్దుకొనే పెంపకము మాది. ఇప్పటివారికి అది మూఢత్వమనిపించవచ్చు. అద్దుకోకపోతే పోనీ. కత్తికి ఇచ్చే ముందు ఒక్కసారి తిప్పి చూడండి.

పోస్టుకార్డుల ముక్కల గురించి మిత్రులెవరైనా అడుగుతారేమోనని ఇదీ వ్రాస్తున్నాను. మూడు సంచులు నేల మీద పోసి వెదికాను. కార్డు అట్ట దళసరి గనుక, పసుపుపచ్చ గనుక, వేలికి తెలుస్తుంది. నాలుగు రోజులకు ఒక సీసాడు దొరికినవి. రెండు అక్షరాలకు మించి ఏ ముక్క మీదా లేవు. ఒకదాని మీద ఎర్రసిరాతో ఒక అడ్డగీత మాత్రమే ఉన్నది. ఎక్కడి తప్పో తెలియదు. మూడవనాడు అబ్బాయి కూడ వచ్చి నా పక్కన కూర్చొని వెదికాడు. యంత్రము ఇంకా ఇంట్లోనే ఉన్నది, తీగ ఊడదీసి అటక మీద పెట్టాడు.

సీసాలోని ముక్కలను గుజ్జులో వేయలేదు. మిగిలిన సంచీలో ఇంకా సగముంది. మెంతులు నానినవి, రోకలి కడుక్కోవలె. సెలవు.